యాదమ్మ బర్రె మెడలో గంట

గోదావరి ఒడ్డున పుట్టినవాణ్ణి. హైదరాబాద్ వచ్చినప్పుడల్లా మూసీని చూసి ఇదీ ఒక నదేనా అనుకునేవాణ్ణి. మూసీ ఒడ్డునున్న కార్వాన్‌లో బంధువుల ఇంట్లో దిగిన ఆ వానాకాలం పొద్దున, పాలకోసం యాదమ్మ బర్రెల కొట్టానికి వెళ్లేదాకా అంతే.

రెండు రోజులుగా ఒకటే వాన. పైన చెరువుల గేట్లు ఎత్తారట. చాయ్ రంగు నీళ్లు కొట్టం గోడ దాటి లోపలికొస్తున్నాయి. యాదమ్మ బర్రెల తాళ్లు విప్పుతోంది. సాయం చేద్దామని నేనొక తాడు పట్టుకుని లాగాను.

“ఇడిసిపెట్టు బిడ్డా. దానికి తొవ్వ ఎర్కే.”

దూలానికి వేలాడుతున్న కంచు గంటను దింపి ముసలి బర్రె మెడలో కట్టింది. “వరదొస్తేనే దింపుత. మా అత్త కాలం నుంచి గిదే పద్ధతి.”

ఆ బర్రె గల్లీలోకి నడిచింది. మిగతావి దాని వెనక వరస కట్టాయి. గంట వినబడ్డకొద్దీ తలుపులు తెరుచుకున్నాయి. మూటలతో, పిల్లలతో జనం బర్రెల వెంట ఎత్తు మీదికి నడుస్తున్నారు. పైన కట్టెల అడ్తీ నడిపే సలీం భాయ్ అప్పటికే దాని గేటు బార్లా తీసి నిలబడ్డాడు.

“ఆయనకు ఫోన్ చేశావా?” అన్నాను.

“ఫోనెందుకు? గంట ఇనవడ్డది గదా.”

యాదమ్మ గేటు దగ్గర నిలబడి లెక్కపెట్టుకుంటోంది. “అన్నీ వచ్చాయా?” అన్నాను.

“బర్లు వచ్చినయ్. మూలింటి ముసలామె రాలే. ఆమెకు చెముడు, దగ్గరికి పోయి గంట కొట్టాలె.”

బర్రె మెడలోని గంట విప్పుకుని, మోగించుకుంటూ నీళ్లవైపు దిగింది. ఆ మోత వెనకే నేనూ నడిచాను.