ఇద్దరం విన్నాం నర్సమ్మగారూ

కరోనా తగ్గిన మరుసటి ఏడాది. కంకిపాడు చుట్టుపక్కల పల్లెల్లో నేను ఏఎన్ఎంను, అంటే ఇంటింటికీ తిరిగే నర్సును. గర్భిణులకు దిగులు తగ్గే మాటలు, జాగ్రత్తలు రోజూ ఫోన్లో పంపమన్నారు. నా గొంతుతోనే వాయిస్ మెసేజ్‌లు పంపేదాన్ని. అందినట్టు, తెరిచినట్టు నీలం టిక్కులు పడితే చాలు, పరీక్ష పాసైనంత సంబరం నాకు! ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది.

ఆ జాబితాలో శిరీష ఒకతె. నేతపని చేసుకునే ఇల్లు. తొలి కాన్పులో ఎనిమిదో నెలలో బిడ్డ దక్కలేదు. అందుకే ఈసారి హై రిస్క్ అని రాసుకున్నాం, అంటే కన్నేసి ఉంచాల్సిన కేసు. ఆమెకు పంపిన ప్రతి మెసేజ్‌కీ టిక్కులు పడేవి. తీరా ఏడో నెలలో వెళ్లి చూస్తే పిల్ల సగమైపోయింది. నిద్ర లేదు, తిండి సయించదు, బీపీ పైకి చూపిస్తోంది.

"రోజూ వింటున్నావుగా, ఇంకా ఏంటమ్మా ఈ బెంగ?" అని కసిరాను.

శిరీష బావురుమంది. "నేనెక్కడ విన్నానండీ! అత్తయ్య నా ఫోను పట్టుకుని పెరట్లోకెళ్లి విని చెరిపేస్తారు. నా బిడ్డకేదో అయిందని మీరు చెబుతుంటే నా దగ్గర దాస్తున్నారనుకున్నా."

కండెలు చుడుతున్న అత్తగారు నాగమణి రాట్నం ఆపేసింది.

"ఆస్పత్రి మాటంటేనే వణికిపోతుందమ్మా ఇది. అప్పుడు దీని ఏడుపు చూశాను కదా! మళ్లీ భయపెట్టడమెందుకని నేనే విని, మీరు చెప్పినవే వండి పెడుతున్నాను."

నాకు ఒళ్లు మండింది, కానీ ఎవరిని తిట్టను? ఆవిడది ప్రేమే. టిక్కులు చూసుకుని మురిసిపోయిన నన్ను నేనే తిట్టుకోవాలి. అత్తాకోడళ్లను చాప మీద కూర్చోబెట్టి, నా ఫోన్లో మెసేజ్‌లన్నీ మొదటినుంచీ వినిపించాను. వేళకు ఆకుకూరలు, గుడ్లు తినమని, ఎడమ పక్కకు తిరిగి పడుకోమని, బిడ్డ కదలికలు గమనించమని, తలనొప్పి వస్తే ఆలస్యం చేయకుండా చెప్పమని, భయం వేస్తే నెమ్మదిగా ఊపిరి పీల్చి వదలమని.

"ఇంతేనా అండీ?" అంది శిరీష, కళ్లు తుడుచుకుంటూనే నవ్వుతూ.

ఆ పూటే బెజవాడ తీసుకెళ్లి డాక్టరుగారికి చూపించాం. మందులు మొదలయ్యాయి. మర్నాడు నాగమణి గొంతుతో నాకే ఒక మెసేజ్ వచ్చింది. "ఇద్దరం విన్నాం నర్సమ్మగారూ. పిల్ల పెరుగన్నం తింది." అప్పట్నుంచి రోజూ ఆ కబురే. వారం వారం బీపీ దిగుతుంటే నా మనసు కూడా కుదుటపడింది.

పంపడం నా పనిలో సగమేనని, అది ఎవరి చెవిన పడిందో వెళ్లి అడగడం మిగతా సగమని ఆ ఇంట్లోనే తెలుసుకున్నాను. ఇప్పటికీ మొదటి మెసేజ్ ఇంట్లో పెద్దావిడను పక్కన కూర్చోబెట్టుకునే వినిపిస్తాను.

ఆ పాత ఫోను అద్దం పగిలినా పారేయలేదు. అందులో నాగమణి కాన్పు రోజు పంపిన మెసేజ్ ఉంది. ముందు కేర్‌మని పసిబిడ్డ ఏడుపు. వెనకాల ఆవిడ గొంతు.

"ముగ్గురం విన్నాం నర్సమ్మగారూ."