మూడు బండ్లు, ఒక పాలసీ, నా కుడి కన్ను

1963 ఫిబ్రవరి 8, శుక్రవారం, ఉదయం 6 గంటల 40 నిమిషాలు. మంచిర్యాలలోని మా ఇంటి నుంచి నస్పూర్ వైపు ఉన్న మా సర్వే క్యాంపుకు దూరం నాలుగు మైళ్ల ఆరు ఫర్లాంగులు. రెండో మైలురాయి దాటగానే కారు ముందు అద్దం మీద, కుడివైపున, ఆవగింజంత నల్లటి మచ్చ కనిపించింది. కారు ఆపి, దిగి, తడిగుడ్డతో అద్దం తుడిచాను. మళ్లీ వచ్చి కూర్చున్నాను. మచ్చ పోలేదు, కొంచెం పక్కకు జరిగింది, అంతే.

అప్పటికి నాకు ముప్పై ఆరేళ్లు. కొత్తగా తవ్వబోయే ఒక బొగ్గు గనికి హద్దులు, ఎత్తులు కొలిచే సర్వేయర్‌ని. చిన్నప్పటి నుంచి రెండు కళ్లకూ మైనస్ ఆరు అద్దాలు. బొగ్గు ఉన్న చోట నల్ల మచ్చ కనబడితే ఎవరైనా నుసి అనుకుంటారు. నేనూ అదే అనుకున్నాను.

మాది ఉమ్మడి కుటుంబం. అన్న కలప కాంట్రాక్టరు. ఇంట్లో మూడు బండ్లు ఉండేవి: ఒక పాత కారు, అడవి దారులకు జీపు, ఒక మోటార్ సైకిల్. ఏ రోజు ఏది ఖాళీగా ఉంటే దానిలో క్యాంపుకు వెళ్లేవాణ్ణి. సోమవారం జీపు దొరికింది. దాని అద్దం మీదా మచ్చ ఉంది. పైగా ఒకటి మూడయ్యాయి. బుధవారం మోటార్ సైకిల్ మీద వెళ్లాను. దానికి ముందు అద్దమే లేదు, మచ్చలు మాత్రం ఉన్నాయి. క్యాంపులో థియోడలైట్‌కు, అంటే కోణాలు కొలిచే దుర్భిణికి, కన్ను ఆనించి చూశాను. దాని అద్దంపై పడిన దుమ్ము ఉన్నచోటే ఉంటుంది. ఇవి నా చూపుతోపాటు కదిలి, చూపు ఆగిన తర్వాత కూడా కాసేపు తేలుతూ పోయాయి.

మూడు బండ్లలో, ఒక యంత్రంలో ఒకే లోపం కనిపించినప్పుడు ఆ లోపం వాటిది కాదు. నాలుగింటిలోనూ ఉన్నది నేనొక్కడినే. ఇంతవరకు నా తర్కం సరిగ్గానే నడిచింది. తప్పు దాని తర్వాతి మెట్టు దగ్గర జరిగింది: కంట్లో నుసి పడిందని తేల్చుకొని ఊరుకున్నాను. నా భార్య సుగుణ రోజూ సాయంత్రం కళ్ల మీద నందివర్ధనం పూలు పెట్టింది. పెడుతూనే అనుమానపడింది.

"కన్ను ఎర్రగ లేదు, నీళ్లు గారుతలేవు. నుసి పడితే గిట్లుంటదా?"

"చిన్న నుసి," అన్నాను.

"వారం సంది పోని నుసి చిన్నదెట్లయితది?"

శుక్రవారం, 15వ తేదీన, పటాలు భద్రపరిచే గదిలో కిటికీలు మూసి ఉండగా కుడి కంటి చివర సన్నటి మెరుపు మెరిసింది. బయట వెల్డింగ్ చేస్తున్నారేమోనని తలుపు తీసి చూశాను. ఆ రోజు వెల్డింగ్ చేసే మనిషి పనికే రాలేదు.

ఫిబ్రవరి 17, ఆదివారం ఉదయం, కరీంనగర్ నుంచి ఇన్సూరెన్స్ ఏజెంట్ భూమయ్య మా ఇంటికి వచ్చాడు. అంతకుముందు మా మూడు బండ్లకు మూడు పాలసీలు, మూడు గడువు తేదీలు. కాగితాలన్నీ అన్న పెట్టెలో ఉండేవి. మోటార్ సైకిల్ పాలసీ గడువు ముగిసి పందొమ్మిది రోజులైందని భూమయ్య చెప్పేదాకా ఎవరికీ తెలియదు. అందుకే మూడింటినీ ఒకే పాలసీలో చేర్చాలని అనుకున్నాం.

"ఒక్కటే కాయిదం, ఒక్కటే తారీకు, సేటూ. మూడు బండ్లు వరుసగ రాస్తం. ఒక్కటి యాదికుంటే మూడు యాదికున్నట్టే," అని భూమయ్య ఫారం విప్పాడు.

ఫారంలో ఏడో ప్రశ్న ఇది: ఈ బండ్లు నడిపేవారిలో ఎవరికైనా చూపులోగాని, వినికిడిలోగాని లోపం ఉన్నదా? భూమయ్య చదవనైనా చదవకుండా జవాబు రాయబోయాడు.

"చూడకుంట ఎట్ల రాస్తవు?" అన్నాను.

"అందరు 'లేదు' అనే రాస్తరు సార్."

అన్న కుర్చీలో వెనక్కి వాలాడు. "ఇగ మొదలువెట్టిండు మా తమ్ముడు. భూమయ్యా, ఇయ్యాల నువ్వు కరీంనగర్ పోయినట్టే."

ఇరవై ఐదు గజాల దూరం నుంచి నంబర్ ప్లేట్ చదవగలగాలన్నది లైసెన్సుకు పెట్టే పరీక్ష. నా టేపు తెచ్చి వాకిట్లో ఇరవై ఐదు గజాలు కొలిచి సున్నంతో గీత గీశాను. మూడు బండ్లనూ వరుసగా నిలబెట్టించాను. ముందు అన్న. ఒక్కో కన్ను మూసుకొని మూడు నంబర్లూ గడగడ చదివేశాడు. తర్వాత నేను. కుడి కన్ను మూసుకుంటే అన్నీ స్పష్టంగా ఉన్నాయి. ఎడమ కన్ను మూసుకొని కారు కప్పు మీద చూపు నిలిపాను.

కప్పు ఉంది. కిటికీలు ఉన్నాయి. ఆ కింద ఏమీ లేదు. బూడిద రంగు తెర ఒకటి నేల నుంచి లేచినట్టు ఉంది.

"అన్నా, మన బండ్లకు చక్రాలు లేవు."

"ఎవడెత్కపోయిండురా?" అని అన్న నవ్వాడు. నేను నవ్వకపోవడం చూసి లేచి వచ్చాడు.

భూమయ్య గొంతు తగ్గించాడు. "సార్, గీ సంగతి ఫారం మీద రాస్తే మూడు బండ్లు ఆగుతయేమో. పాలసీ ఒక్కటే గద."

అన్న వాకిట్లోని జీపు వైపు చూశాడు. జీపు లేకపోతే అడవి నుంచి కలప రాదని మా అందరికీ తెలుసు. "జర సోచాయించు తమ్మీ, మంచిగ ఆలోచన చెయ్యి," అన్నాడు.

"ఉన్నది రాయకుంటే రేపు ఏ బండి దేనికి గుద్దుకున్నా ఆ కాయిదం పనికిరాదు అన్నా."

గడపలో నిలబడి ఉన్న సుగుణ ఒకే మాట అడిగింది: "బావా, ఫారం మీరు నింపుకోండ్రి. పట్నం రైలు ఎన్ని గంటలకు?"

అన్న భూమయ్య వైపు తిరిగాడు. "రాయి. తమ్ముని కుడి కన్ను, కింది సగం. ఉన్నది ఉన్నట్టు రాయి."

మరునాడు ఉదయం 11 గంటల 20 నిమిషాలకు హైదరాబాదులోని కంటి ఆసుపత్రిలో ఉన్నాం. కంట్లో చుక్కలు వేసి గంటసేపు కూర్చోబెట్టారు. డాక్టర్ ఆఫ్తాల్మోస్కోప్‌తో కంటి లోపలికి చాలాసేపు చూశాడు.

"రెటీనల్ డిటాచ్‌మెంట్. పై భాగంలో ఒక హోల్ ఉంది. అక్కడి నుంచి కంటి వెనకుండే పొర ఊడుతోంది."

"నాకు కింది భాగం కదా కనిపించనిది?"

"కంటి లోపల బొమ్మ తలకిందులుగా పడుతుంది."

నాకు మరో మాట అక్కర్లేకపోయింది. మా థియోడలైట్‌లోనూ మనుషులు తలకిందులుగానే నిలబడతారు.

"ఆ పొర మధ్యభాగాన్ని మాక్యులా అంటాం. అది ఇంకా అంటుకొనే ఉంది. అది కూడా ఊడితే ఈ కంటితో మీరు సర్వే చేయలేరు. రెండు రోజులు పట్టవచ్చు, నాలుగు పట్టవచ్చు. రెండో కన్ను బాగుంటే చాలామంది గమనించరు. మీరెలా కనిపెట్టారు?"

"ఇన్సూరెన్స్ ఫారం నింపుతూ."

డాక్టర్ ఒకసారి నా ముఖంలోకి చూసి, అది కూడా కేసు కాగితంలో రాసుకున్నాడు.

ఫిబ్రవరి 20న, ఊడిన పొరను వేడితో అతికించే డయాథర్మీ ఆపరేషన్ చేశారు. తర్వాత పద్నాలుగు రోజులు రెండు కళ్లకూ కట్టు. తల కదలకుండా చెరోవైపు ఇసుక సంచులు. దగ్గకూడదు, తుమ్మకూడదు, నవ్వకూడదు. ఇందులో చివరిదే కష్టమని నాకు అప్పుడు తెలియదు. సుగుణ చెంచాతో జావ పోస్తూ వార్డులో జరిగేదంతా చెప్పేది. పక్క మంచం పెద్దాయన ఎన్నిసార్లు బీడీ అడిగాడో కూడా లెక్కపెట్టి చెప్పేది.

మార్చి 6న కట్టు విప్పి, మధ్యలో సూది బెజ్జమంత రంధ్రం ఉన్న నల్ల కళ్లద్దాలు ఇచ్చారు. కన్ను అటూ ఇటూ తిరగకుండా ఉండటానికి అవి. డాక్టర్ వచ్చినప్పుడు వాటిని తీసి, నా పాత కళ్లద్దాలు పెట్టి, నన్ను కిటికీ దగ్గర కూర్చోబెట్టి, ఎడమ కన్ను మూశాడు. కింద రోడ్డు మీద సైకిల్ రిక్షా ఆగి ఉంది.

"రిక్షా అతని ముఖమే చూడండి. చక్రాలు ఎన్ని కనిపిస్తున్నాయి?"

"రెండు."

ఉండవలసినవి మూడు. ఒక మూల పొర ఇంకా అంటుకోలేదని తేలింది. రెండో ఆపరేషన్ మార్చి 20న జరిగింది. మళ్లీ కట్టు, మళ్లీ ఇసుక సంచులు.

అదే రోజు మంచిర్యాల స్టేషన్ ముందు మేకపిల్ల అడ్డం రాగా, అన్న జీపును పక్కకు తిప్పి చాయ్ హోటల్ పందిరిలోకి పోనిచ్చాడు. మనుషులకు ఏమీ కాలేదు. పందిరి రాటలు రెండు, బిస్కెట్ల సీసాలు నాలుగు పోయాయి. అప్పటికి మా పాలసీ వచ్చి ఉంది. మూడు బండ్లూ అందులో ఉన్నాయి. డాక్టర్ సర్టిఫికెట్ వచ్చేవరకు నేను మాత్రం ఏదీ నడపరాదన్న షరతు కూడా ఉంది. మా ఇంట్లో ఒకరికి కన్ను బాగులేదని ఊరంతటికీ తెలుసు కాబట్టి, "కన్ను గనవడని తమ్ముడే నడిపిండు గావొచ్చు," అని, ఆ సమయానికి అక్కడ లేని హోటల్ యజమాని కంపెనీ ఇన్‌స్పెక్టర్‌తో అన్నాడట. అదే నిజమైతే కంపెనీ పైసా కట్టదు. ఐదో రోజున ఆ ఇన్‌స్పెక్టర్ నన్ను వెతుక్కుంటూ వార్డుకు వచ్చాడు. నాకు గొంతు మాత్రమే వినిపించింది.

"మార్చి ఇరవై, ఉదయం పదిన్నరకు మీరెక్కడ ఉన్నారు?"

"ఆపరేషన్ టేబుల్ మీద. పది గంటల ఐదు నిమిషాలకు తీసుకెళ్లారు, పదకొండు నలభైకి తీసుకొచ్చారు."

"మిమ్మల్ని ఎవరైనా చూశారా?"

"నలుగురు చూసిండ్రు సార్. ఈయనొక్కడే ఎవల్ని చూడలే," అన్నది సుగుణ.

నవ్వు పొట్టలో నుంచి లేచింది. "నవ్వొద్దు, నవ్వొద్దు," అని నర్సు పరుగెత్తుకొచ్చింది. నాలుకను పళ్ల మధ్య బిగించి, సర్వే లెక్కల్లో వాడే సైన్ పట్టికను సున్నా డిగ్రీల నుంచి మనసులో వల్లించడం మొదలుపెట్టాను. పదకొండో డిగ్రీ దగ్గర నవ్వు అణిగింది. ఇన్‌స్పెక్టర్ ఆసుపత్రి కాగితంలోని సమయాలు రాసుకొని వెళ్లాడు. వరండాలో అతను చాలాసేపు దగ్గాడని, అది దగ్గు కాదని సుగుణ తర్వాత చెప్పింది. పందిరి సొమ్ము నెల తిరగకముందే హోటల్ యజమానికి అందింది.

ఏప్రిల్ 3న రెండోసారి కట్టు విప్పారు. అదే కిటికీ. రిక్షా మాత్రం వేరే.

"ఎన్ని?" అన్నాడు డాక్టర్.

మూడుసార్లు లెక్కపెట్టాను. "మూడు."

"చూస్తూ ఉండండి," అని ఆయన పక్క మంచం దగ్గరికి వెళ్లిపోయాడు. నేను చూస్తూనే ఉన్నాను. రిక్షా సందు తిరిగిపోయేదాకా మూడు చక్రాలూ దానితోపాటే ఉన్నాయి.

ఇది జరిగి ఐదేళ్లయింది. ఇప్పుడు థియోడలైట్‌కు ఎడమ కన్ను ఆనిస్తాను. వారం రోజుల్లో అలవాటైంది. కుదుపులు తగలకూడదన్నారు కనుక మోటార్ సైకిల్ అమ్మేశాం, పాలసీలో దాని వరుస కొట్టివేశారు. డాక్టర్ సర్టిఫికెట్ పంపిన తర్వాత, కారు వరకు నా పేరు మళ్లీ చేర్చారు. ఏటా పాలసీ కొత్తది చేసే ఆదివారం మా వాకిట్లో సున్నం గీత పడుతుంది. "అందరు లైన్ల నిలవడుండ్రి," అని పిలిచేది ఇప్పుడు అన్నే. మూడో ఏడు మా వదిన, "నేనేమన్న బండి నడుపుతనా," అంటూనే సరదాకు వచ్చి నిలబడింది. ఎడమ కంటితో ఒక్క అంకె చదవలేకపోయింది. శుక్లం. ఆపరేషన్ అయి, ఇప్పుడు బియ్యంలో రాళ్లు మా అందరికంటే ముందు ఆమే ఏరుతుంది.

చదివేవారికి నేను చెప్పగలిగింది ఒక్కటే. నెలకు ఒకసారి, పగటి వెలుతురులో, ఒకే చోట నిలబడి, ఒక కన్ను తర్వాత మరొకటి మూసుకొని ఒకే వస్తువును చూడండి. దాని నాలుగు అంచులూ ఉన్నాయో లేదో సరిచూసుకోండి. కొత్తగా నల్ల చుక్కలు, మెరుపులు, తెర కనిపిస్తే ఆ రోజే కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. నాలా తొమ్మిది రోజులు అద్దాలు తుడుస్తూ కూర్చోకండి.

ఖర్చులు: రైలు, రిక్షాలు 64 రూపాయలు, గది, రెండు ఆపరేషన్లు 310, మందులు 92, కళ్లద్దాలు రెండు జతలు 58. మొత్తం 524 రూపాయలు. నష్టాలు: సెలవు 84 రోజులు, మోటార్ సైకిల్ ఒకటి, పందిరి రాటలు రెండు, బిస్కెట్ల సీసాలు నాలుగు (పందిరి, సీసాల సొమ్ము కంపెనీ కట్టింది), కుడి కంటి చూపు, అద్దాలతో, 6/6 నుంచి 6/18కి తగ్గింది. ఇంట్లో మిగిలిన బండ్లు రెండు. చక్రాలు ఎనిమిది. ఎనిమిదీ కనిపిస్తున్నాయి.