చేయి పడని పుస్తకం

కూతురి చదువును ముంచాలంటే బయటివాళ్లెవరో రావాలంటారు. మా ఇంటికి ఎవరూ రానక్కర్లేకపోయింది. ఆ పని నేనొక్కదాన్నే, బస్సు టికెట్టు కొనుక్కుని హైదరాబాదు వెళ్లి మరీ చేసుకొచ్చాను. ఎట్లాగో చెబుతాను, వినండి. నవ్వొస్తే ఆపుకోకండి, మా సుజాత ఇప్పటికీ నవ్వుతూనే ఉంది.

మా ఆయన పోయాక, సిద్దిపేట మార్కెట్లో ఆయన కూర్చునే జాగాలోనే నేను కూరగాయల గంప పెట్టుకున్నాను. నాకు చదువంటే సంతకమూ బస్సు బోర్డూ, అంతే. సుజాత మాత్రం పొద్దంతా బడిలో పాఠాలు చెబుతూనే ప్రైవేటుగా ఎం.ఏ. కట్టింది. అన్ని పేపర్లూ దాటింది, ఒక్కటి మిగిలింది. దాని పేరు ఎకనమెట్రిక్స్. అది గట్టెక్కితే జూనియర్ కాలేజీలో తీసుకుంటామన్నారు. లేకుంటే ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారు. ఆ పాఠం చెప్పేవాళ్లు మా ఊళ్లో దొరకలేదు. పుస్తకం తెచ్చుకుని తనంతట తానే నేర్చుకోవాలి.

“గదేం చదువే?” అని అడిగాను.

“వానకు, టమాట ధరకు ఎంత సంబంధమున్నదో లెక్కగట్టి చెప్పే చదువవ్వా.”

వాన పడితే ధర పెరుగుతుందని గంప చుట్టూ తిరిగే మేకకు కూడా తెలుసన్నాను. “ఎంత పెరుగుతదో మేకకు తెల్వదు గద,” అంది సుజాత. మేక తరఫున నేనే ఊరుకున్నాను.

అప్పుడే మా చెల్లెలిని చూడటానికి హైదరాబాదు పోవలసి వచ్చింది. సుజాతకు బడిలో సెలవు దొరకలేదు. పాఠం పేరు చీటీ మీద రాసిచ్చి, కొత్తగా నేర్చుకునేవాళ్లకు పనికొచ్చేది అడగమంది, సన్నదైనా సరే అంది. ఏరడం నాకు నేర్పుతున్నావా అన్నాను. ఇన్నేళ్ల గంప నాది! మా మార్కెట్లో ఏరడానికి ఒకటే సూత్రం: చేతులు పడ్డ కాయ చెడ్డ కాయ. వచ్చిన ప్రతి మనిషీ వంకాయకు గోరు గుచ్చి, టమాటాను పిసికి చూసి పోతాడు. సాయంత్రానికి గంపలో మిగిలేది అందరూ పిసికి వదిలేసిందే.

ఆ జ్ఞానం మూటగట్టుకుని కోఠిలో దిగాను. ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు అమ్మే ఒక నెరిసిన గడ్డం ఆయన చీటీ చదివి, నా ముందు రెండు పుస్తకాలు పెట్టాడు. ఒకటి సన్నది. అట్ట చినిగి, దాని మీద చాయ్ కప్పు మరక గుండ్రంగా పడి ఉంది. మూలలు సమోసాల్లా మడిచారు, పేజీపేజీకీ పెన్సిలు గీతలు. రెండోది సన్నెకల్లంత లావు. పెళ్లికొడుకులా మెరిసిపోతోంది, ఒక్క మచ్చ లేదు.

“గీ సన్నది తీస్కో అమ్మా. మస్తుమంది చదివిన్రు,” అన్నాడాయన.

“గందుకే వద్దంటున్న. గింతమంది పిసికినంక దాంట్ల ఏం మిగుల్తది?”

“గిది పుస్తకం తల్లీ, టమాట కాదు.”

“ఏదైతేంది, మాలు మాలే.”

ఆయన నా మొహం ఒకసారి, చీటీ ఒకసారి చూసి, లావుదాన్ని కాగితంలో చుట్టిచ్చాడు. బస్సులో దాన్ని పసిపిల్లలా ఒళ్లో పెట్టుకున్నాను. దారి నడుమ గజ్వేల్ వచ్చేసరికి కాళ్లు తిమ్మిరెక్కి, పిల్లను కింద పడుకోబెట్టాను.

సుజాత పుస్తకం తెరిచింది, మూసింది. “మంచిగున్నదవ్వా,” అంది. ఆ తర్వాత రోజూ దాని ముందే కూర్చునేది. పాలు కలిపి తెచ్చేదాన్ని. తెచ్చినప్పుడల్లా అదే పేజీ. అబ్బ, ఎంత లోతుగా చదువుతోందో అని మురిసిపోయి పాలల్లో ఇంకో చెంచా చక్కెర వేశాను.

ఒకనాడు పక్కింటి సారు వచ్చాడు. లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. పుస్తకం తిరగేస్తే నడుమ పేజీలు అంచుల దగ్గర విడిపోకుండానే ఉన్నాయి. కత్తి అడిగాడు. సొరకాయ కోసే కత్తి ఇచ్చాను. కోసి, చూసి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు.

“రాజవ్వా, గిది నేర్చుకునేటోళ్ల పుస్తకం కాదు. నేర్చుకునుడు అయిపోయినోళ్లది.”

నేను సుజాత వైపు చూశాను. అది తల వంచుకుంది.

“మొదటి పేజీనే సమజైతలేదవ్వా. నువ్వు గంత దూరం మోసుకొస్తివి, ఎట్ల చెప్పాలె?”

పరీక్ష దగ్గరికొచ్చేసింది. కొండను తవ్వి ఎలుకను పట్టినవాళ్లను చూశాను గానీ, ఎలుక కోసం పోయి కొండను మోసుకొచ్చింది నేనొక్కదాన్నే. పాలల్లో పోసిన చక్కెర అంతా నా గొంతులో చేదైంది. మర్నాడు గంప మానేసి, కొండను చంకనెత్తుకుని తొలి బస్సెక్కాను.

నన్ను చూడగానే గడ్డమాయన లేచి నిలబడ్డాడు. కూర్చున్న గోనెసంచి కిందినుంచి ఆ సన్న పుస్తకం తీశాడు.

“వస్తవని పక్కకు పెట్టిన.”

“నీకెట్ల తెల్సయ్యా?”

“గా లావుది నా తానికి వాపసొచ్చుడు మొదటిసారి కాదమ్మా. కొన్నోళ్లందరు తెచ్చిస్తరు. గందుకే గంత కొత్తగుంటది.”

ఆ మాట విన్నాక తిరుగు బస్సులో గజ్వేల్ ఎప్పుడొచ్చిందో, ఎప్పుడు పోయిందో నాకు తెలియదు.

సన్న పుస్తకంతో సుజాత ఇంట్లో నవ్వుకుంటూ చదవసాగింది. ఏందే అంటే చదివి వినిపించింది. ఎవరో పెన్సిలుతో, ‘ఇక్కడ భయపడొద్దు, వెనక పేజీ చూస్తే అర్థమవుతుంది’ అని రాశారట. దాని కింద ఇంకొకరి చేతిరాత: ‘నిజమే’. ఊళ్లో ఒక్క సారు దొరకలేదనుకుంటే, చినిగిన అట్ట వెనక ఇంతమంది కూర్చుని ఉన్నారు. సుజాత పాసైంది. ఆ కుర్చీలో అదే కూర్చుంది.

నాకూ గొప్ప జ్ఞానం కలిగింది. ఎంత గొప్పదంటే, ఒక సాయంత్రం గంపలో మిగిలిన వంకాయలు చూపించి పక్కింటి సారుతో, “తీస్కోండ్రి సారూ, పదిమంది చేతులు పడ్డయంటే మంచియనే గద,” అన్నాను.

సారు ఒక కాయ తీసి, నొక్కి, మళ్లీ గంపలోనే పెట్టాడు.

“గది పుస్తకాలకు, రాజవ్వా.”

అందుకని నా త్రాసు మీద చేయి వేసి ఒట్టు పెట్టుకుంటున్నాను: బతికినన్నాళ్లూ పుస్తకాల దగ్గరికి వంకాయల తెలివినీ, వంకాయల దగ్గరికి పుస్తకాల తెలివినీ తీసుకుపోను. ఆ వంకాయలంటారా? మేమే వండుకున్నాం.