ఆఖరి మూడు తూటాలు

పిస్తోలు కాల్చడం కష్టమని అందరూ అనుకుంటారు. కాల్చడంలో ఏముంది, వేలు కదిలిస్తే పేలుతుంది. తిప్పలన్నీ మ్యాగజైనులో, అంటే తూటాల డబ్బాలో, వాటిని ఎక్కించడంలోనే ఉన్నాయి. కొత్త మ్యాగజైన్ అయితే మరీను. లోపలి స్ప్రింగు ఇంకా ఎవరి మాటా వినడం నేర్చుకుని ఉండదు. మొదటి నాలుగైదు తూటాలు మర్యాదగా దిగుతాయి. ఆ తర్వాత ఒక్కోటీ మొండికేస్తుంది. ఆఖరి మూడు మాత్రం నా బొటనవేలిని ఏడిపించి కూడా లోపలికి పోవు.

నేను ఎస్సైని. వైరా దగ్గర పొలాల మధ్య పెరిగాను, ఉద్యోగం ములకలపల్లి వైపు అడవి అంచున. ఈ ఏడాది మాకు కొత్త పిస్తోళ్ళు, వాటితో కొత్త మ్యాగజైన్లు ఇచ్చారు. వేలికి శ్రమ లేకుండా తూటాలు ఎక్కించడానికి లోడర్ అని చిన్న ప్లాస్టిక్ ముక్క ఒకటి ఉంటుందట. మ్యాగజైన్లు వచ్చాయి గానీ అది ఇంకా దారిలో ఉందన్నారు. ఇప్పటికీ దారిలోనే ఉంది.

ఆ కొత్త ఇనుము చేతిలో పడగానే నాకు ఆమె గుర్తొచ్చింది. మరిచిపోయింది ఎప్పుడు గనక.

ట్రైనింగులో ఆమెది నా పక్క మంచం. ఈ అడవి ఊరి పిల్లే, కోయ ఇంటి బిడ్డ. చిన్నప్పటి నుంచి ఎండాకాలమంతా బీడీల తునికాకు తెంపి కట్టలు కట్టిన వేళ్ళు ఆమెవి. మాకు మొదటిసారి మ్యాగజైన్లు ఇచ్చిన రోజు నేను దానితో కుస్తీ పడుతుంటే కాసేపు చూసి, చేతిలోంచి లాక్కుంది.

"ఏందే, గిట్ల బతిమాలుకుంటే పోతదా? ఇటియ్యి."

చూస్తుండగానే నింపేసి నా ఒళ్ళో పడేసింది. ఇక అప్పటి నుంచి మా ఇద్దరికీ ఒప్పందం. నా ఆఖరి మూడు తూటాలు ఆమె ఎక్కించాలి. ఆమె జుట్టు నేను చూడాలి. నడుము దాటే జుట్టు, టోపీ కింద ఎట్లా మడిచినా ఆగేది కాదు. పొద్దున పరేడుకు ముందు దువ్వి, బిగించి జడ అల్లి, పిన్నులు గుచ్చేదాన్ని. "పీకకే, నెత్తి అనుకున్నవా నారనుకున్నవా" అని తిడుతూనే కూర్చునేది.

ఇంకో సంగతి. ఆ మొదటి రోజు ఆమె వెంటనే కాల్చలేదు. కొత్త మ్యాగజైన్ నేలకు తాకించి, కళ్ళకద్దుకుని, వాళ్ళ భాషలో ఏదో అనుకుంది. నాకు నవ్వాగలేదు.

"మా తాన కొత్తది ఏదైనా పోయినోళ్ళకు సూపియ్యకుంట ముట్టం," అంది.

"ఇనుప డబ్బా కూడానా?"

"డబ్బా అయితే ఏంది, కొత్తదే గద."

తర్వాత ఒకసారి వాళ్ళింటికి వెళ్ళినప్పుడు దడి మీది లేత చిక్కుడుకాయ తెంపి నోట్లో వేసుకున్నాను. వాళ్ళకు కొత్తల పండుగ ఇంకా కాలేదు. పంట తొలికాయ ఇంట్లో చనిపోయిన పెద్దలకు పెట్టి ఆ పండుగ చేసుకున్నాకే ఎవరైనా తినాలి. వాళ్ళమ్మ నోరు నొక్కుకుంది. ఈమె మాత్రం పడీపడీ నవ్వి, "ఏంగాదు తియ్, మేకలకు పండుగేంది, మా అమ్మ నిన్ను మేకల్ల కలిపింది," అంది. చాలాకాలం నేను ఆ ఇంట్లో మేకనే.

పక్కపక్క స్టేషన్లలో పోస్టింగు రావడం మా అదృష్టం. ఏటా ఫైరింగ్ పరీక్షకు రేంజిలో ఒకే చోట కూర్చునేవాళ్ళం. నా వేలు పనిచేసినంత వరకు నింపి, తల తిప్పకుండానే కుడివైపుకు చేయి చాపేదాన్ని. మ్యాగజైన్ నిండి తిరిగొచ్చేది.

మూడేళ్ళ కిందట వానల్లో ఆమెకు జ్వరం వచ్చింది. మామూలు జ్వరమే అనుకున్నాం. దవాఖానాకు తీసుకెళ్ళేసరికే మాట పడిపోయింది. చివరిసారి జడ కూడా నేనే వేశాను. ఆ రోజు పీకావని తిట్టలేదు.

తర్వాతి ఏళ్ళు పాత మ్యాగజైన్లు కాబట్టి గడిచిపోయాయి. అవి అప్పటికే అరిగి మెత్తబడ్డాయి. ఈ కొత్తవాటితో రేంజికి వెళ్ళిన రోజు, నింపే టైము అయిందని ఈల వేసేసరికి మూడు తూటాలు నా అరచేతిలోనే మిగిలిపోయాయి. ఉన్నవాటితో కాల్చాను. మార్కులు చాలలేదు.

"వారం తర్వాత ఇంకోసారి చూద్దాం. అప్పుడూ కాకపోతే ఖమ్మంలో ఆఫీసు పని చేసుకుందురుగాని," అన్నారు మా అధికారి. ఆయన కోపంగా అనలేదు, మేలు చేస్తున్నట్టే అన్నారు.

మా ఇంట్లో ఈ మాట వింటే కొబ్బరికాయ కొడతారు. ఫ్యాను కింద ఉద్యోగం, ఇంటికి దగ్గర. నేను మాత్రం వెళ్ళలేను. ఆమె బండి నడిపిన రోడ్డు ఇక్కడుంది. ఆమె గొడవ పెట్టుకుని చక్కెర ఎక్కువ వేయించుకున్న టీ కొట్టు ఇక్కడుంది. ఖమ్మం వెళితే ఆమె నా ఫోనులో ఫొటో అయిపోతుంది, అంతే. నేను ఈ అడవి అంచునే ఉండాలి.

ఆ వారమంతా పేలని ఉత్త తూటాలతో సాధన చేశాను. ఆయుధాలు చూసే కానిస్టేబుల్ జాలిపడి, "పెట్టంగ పెట్టంగ అదే మెత్తబడ్తది మేడం," అన్నాడు. దానికంటే ముందు నేనే మెత్తబడేటట్టు ఉన్నాను.

వారం మధ్యలో ఆమె ఊళ్ళో చిక్కుడు కొత్త పండుగ. వాళ్ళమ్మ కబురు పంపింది, వెళ్ళాను. నా వాచిన బొటనవేలు చూసి ఆ అమ్మ చేయి పట్టుకుంది.

"నా బిడ్డ వేలు గూడ గిట్లనే నల్లగుండేది. అడిగితే నవ్వేది. ఏం జేస్తరు బిడ్డా మీరు?"

బెల్టు సంచిలోని ఖాళీ మ్యాగజైన్ తీసి చూపించాను. ఈ స్ప్రింగు అణచాలి, నాకు చేతగాక నీ బిడ్డ నావి కూడా అణచేది, అందుకే ఆ నలుపు అని చెప్పాను. ఆ అమ్మ దాన్ని తీసుకుని, తునికాకు మరకల బొటనవేలితో నొక్కింది. స్ప్రింగు మారు మాట్లాడకుండా అడుగుదాకా దిగిపోయింది. అచ్చం కూతురి వేలే. నాకు కళ్ళు మసకబారాయి.

"కొత్తదా?"

"అవ్ అమ్మా."

ఆ అమ్మ లేచింది. ఇంటి మూలన, పోయిన పెద్దల పేరిట ఉంచిన కుండ ముందు, చిక్కుడుకాయల పక్కన దాన్ని పెట్టి, కూతురి పేరు పిలిచి, వాళ్ళ భాషలో చాలాసేపు మాట్లాడింది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. తర్వాత మ్యాగజైన్ నా చేతికిచ్చి, "సూసింది. ఇగ వాడుకో," అని ఆకులో అన్నం, చిక్కుడుకాయ కూర పెట్టింది. ఈసారి వేళకే తిన్నాను.

అయినా స్ప్రింగు ఏమీ మెత్తబడలేదు. రేంజిలో మళ్ళీ అదే మొండితనం. చివరి మూడింటి దగ్గరికి వచ్చేసరికి నా చేయి దానంతట అదే కుడివైపుకు సాగింది. పక్కనున్న కొత్త ఎస్సై అర్థంకాక నా వైపు చూశాడు. చేయి వెనక్కి తీసుకున్నాను. మ్యాగజైన్ తొడకు ఆనించి, ఆ అమ్మ నొక్కినట్టు వేలి మొదటి నుంచి బలమంతా పెట్టి నొక్కాను. ఒకటి దిగింది. రెండోదీ దిగింది. మూడోది గోరు చితికాక దిగింది. అప్పుడు ఈల వేశారు.

అన్నీ కాల్చాను, పాసయ్యాను. ఇక్కడే ఉంటాను. అందరూ మెచ్చుకుంటుంటే నేను మాత్రం షెడ్డు వెనక్కి వెళ్ళి ఏడ్చాను. ఆమె పోయాక కూడా ఆమెతో నాకు ఇంకా పని మిగిలి ఉండేది. ఇప్పుడు ఆ పని కూడా నాకే వచ్చేసింది.

బొటనవేలి గోరు నల్లబడింది, అచ్చం ఆమెకున్నట్టే. మందు రాసుకోమన్నారు. రాసుకోలేదు.