వేడి ఇంజిన్ మీద పెట్రోలు

మావయ్య పోయారని రాజాం నుంచి అత్తయ్య ఫోను చేసినప్పుడు నేను శ్రీకాకుళంలో ఆఫీసుకు బయలుదేరుతున్నాను. నిద్రలోనే గుండె ఆగిపోయిందట. "ఏటీ సెప్పకుండా ఎలిపోనాడే మీ మావ" అంటూ ఏడ్చింది.

ఆయన అమ్మకు తమ్ముడు. పాత పెట్రోలు వ్యాను నడిపేవారు. ఆదివారాలు ముసలివాళ్లను చర్చికి తీసుకెళ్లేదీ, మా ఇళ్లల్లో పెళ్లిళ్లకు తిప్పేదీ ఆ వ్యానే. ముందు సీటు కిందే ఇంజిన్. తాళం తిప్పే ముందు ప్రతిసారీ సీటు ఎత్తి వాసన చూసేవారు. మేం నవ్వితే, "నవ్వండి. పెట్రోలంటే నాకు బయిమే. మీరంతా దాని మీదే కూకుంటారు కదా" అనేవారు.

ఒక వేసవిలో వ్యానులో ట్యాంకు నుంచి ఇంజిన్‌కు పెట్రోలు తోసే పంపు పాడైంది. పాత రకం ఎక్కడా దొరకలేదు. మెకానిక్ షెడ్డు మేస్త్రి కొత్త బళ్లకు వాడే కరెంటు పంపు బిగించాడు. "ఇంత జోరుగా తోస్తే మన కార్బురేటరు తట్టుకుంటాదేటి?" అని మావయ్య అడిగితే, ఏమీ కాదన్నాడు. పెట్రోలును గాలితో కలిపి ఇంజిన్‌కు ఇచ్చేది కార్బురేటరే, పాత బళ్లలో దానికి పెట్రోలు మెల్లగా అందాలి. జోరెక్కువైతే కార్బురేటరు నిండి పైకి పొంగుతుంది. అది మాకు ఆ రోజే తెలిసింది.

కోటబొమ్మాళిలో పెళ్లికి వెళ్తున్నాం. ఎండ మండిపోతోంది. వ్యాను నిండా ఆడవాళ్లు, పిల్లలు. ఉన్నట్టుండి ఘాటైన వాసన. మావయ్య బండి పక్కకు తీసి ఆపేశారు. సీటు ఎత్తి చూసి తెల్లబోయారు. కాగిపోతున్న ఇంజిన్ మీద పెట్రోలు కారుతోంది.

"దిగిపోండి! దూరంగా ఎల్లిపోండి!"

మావయ్య అంతలా అరవడం నేనెప్పుడూ వినలేదు. తాళం తీసేసినా పంపు జుయ్‌మంటూనే ఉంది. దాని తీగను మేస్త్రి తాళంతో సంబంధం లేకుండా నేరుగా బ్యాటరీకి కలిపేశాడు.

"తీగ పీకెయ్ మావయ్యా!" అని అరిచాను.

"పీకితే నిప్పురవ్వ లేస్తాదే! నువ్వు ఎల్లు!"

ఆయన బండి కిందికి దూరి, ట్యాంకు నుంచి పంపుకు వచ్చే రబ్బరు పైపును మడిచి పిడికిట్లో బిగించారు. కారడం ఆగింది. కానీ మోకాళ్ల నొప్పులతో అమ్మ ఇంకా వెనక సీట్లోనే ఉంది. ఇద్దరు పిన్నులు ఆమెను ఎత్తి దించుతున్నారు. ఇంతలో సాయం చేద్దామని ఒక లారీ డ్రైవరు వస్తున్నాడు. నోట్లో వెలిగించిన బీడీ.

నేను ఆ బీడీ నిప్పునే చూస్తూ ఉండిపోయాను. బండి కింద నుంచి మావయ్యే కేకేశారు: "బావూ, బీడీ! బీడీ!" అతను నిలబడిపోయాడు. బీడీ నేల మీద పడేసి తొక్కి, చేతులు పైకెత్తి వెనక్కి నడిచాడు.

ఇంజిన్ చల్లారి, పెట్రోలు ఆరిపోయేదాకా మావయ్య ఆ పైపు వదల్లేదు. తర్వాతే లారీ డ్రైవరు బ్యాటరీ తీగ విప్పాడు. ఎవరికీ ఏమీ కాలేదు. ఆ పంపు మళ్లీ మా వ్యాను ఎక్కలేదు.

ఆ రోజు ఆయన భయపడలేదని మా చుట్టాలు ఇప్పుడు చెప్పుకుంటున్నారు. నేను చూశాను, చాలా భయపడ్డారు. బయటికి వచ్చి గట్టు పక్కన కూలబడి కక్కుకున్నారు. పిడికిలి అలాగే బిగుసుకుపోయి ఉంది. "అప్పా, సేతి ఏళ్లు రావట్లేదే" అని అమ్మతో అన్నారు. అమ్మ ఆ దుమ్ములోనే చతికిలబడి, తమ్ముడి చేతిని ఒళ్లో పెట్టుకుని, ఒక్కొక్క వేలే నెమ్మదిగా విప్పింది. ఆయన చంటిపిల్లాడిలా ఆమె ముఖంలోకే చూస్తూ ఉన్నారు.