మార్తమ్మ అడిగిన కాగితం

కరుణాకుమారి కృష్ణానగర్‌లో ఒక ఇరుకు గదిలో ఉంటూ, ప్రైవేటు బడిలో చరిత్ర చెప్పేది. 1988 వేసవిలో ఆమెకు జూబ్లీహిల్స్‌లో ట్యూషన్ దొరికింది. సినీ నిర్మాత సూర్యప్రకాశరావు తన కూతురు లీలాకుమారిని ఇంగ్లండులో చదివించాలనుకున్నారు. అక్కడి బడి పెట్టే ప్రవేశ పరీక్షలో ఆ దేశపు పాత రాజుల చరిత్ర కూడా ఉంది.

ఆ ఇంట్లో వరండాలు తుడిచేది మార్తమ్మ. ఆమె భర్త ఇశ్రాయేలు కాపలా ఉంటూ తోటపని చేసేవాడు. ఇద్దరిదీ గుడివాడ దగ్గర, రావుగారి ఊరే. ఇశ్రాయేలు తండ్రి రావుగారి తండ్రి దగ్గర పాలేరు. కొండ మీద బండరాళ్లు తప్ప ఏమీ లేని రోజుల్లో రావుగారు స్థలం కొని, వీళ్లను కాపలా పెట్టారు. స్థలంలో ఒక మూల చూపించి, "ఇల్లు కట్టాక ఆ మూల మీదేరా" అన్నారు. ఇల్లు కట్టి ఆరేళ్లయింది. ఆ మూల రేకుల గదిలో వాళ్లే ఉంటున్నారు గానీ, రాతకోతలేమీ లేవు. చుట్టూ మేడలు లేస్తున్నాయి, పనికి మనుషులు చాలడం లేదు. షేక్‌పేట మేస్త్రీ ఒకడు రెట్టింపు కూలి ఇస్తానని పిలిచినా, రావుగారు ఇశ్రాయేలును వెళ్లనివ్వలేదు.

ఒకరోజు వరండా తుడుస్తూ పాఠం విన్న మార్తమ్మ, అది అయ్యాక గుడ్డ పక్కన పెట్టి, పెరటి మెట్ల దగ్గర కరుణాకుమారిని ఆపింది.

"అమ్మగారూ, తెల్లోళ్లలో కూడా పాలేర్లున్నారా?"

"ఉండేవాళ్లు. దొర ఒప్పుకోనిదే ఊరు దాటకూడదు. పిల్లకి పెళ్లి చెయ్యాలన్నా దొరనే అడగాలి."

"మరెట్టా బయటపడ్డారు?"

"పెద్ద మహమ్మారి వచ్చి సగంమంది పోయారు. బతికినవాళ్లకి గిరాకీ పెరిగింది. కూలి పెంచమంటే చట్టం పెట్టి ఆపారు. ఆఖరికి వేలమంది లేచి రాజధాని మీదికి వెళ్లారు. రాజుకి పద్నాలుగేళ్లు. గుర్రమెక్కి వచ్చి, మీకిక స్వేచ్ఛేనని కాగితాలు రాయించి ఇచ్చాడు."

"రాసిచ్చాడా!" అంది మార్తమ్మ. ఆమె కళ్లు పెద్దవయ్యాయి.

ఇంకా చెప్పాల్సింది ఉంది. బస్సు వేళ అవుతోందని కరుణాకుమారి చెప్పులేసుకుంది.

ఆదివారం రావుగారు అతిథులతో పచ్చికలో కూర్చుని ఉండగా భార్యాభర్తలు వెళ్లి నిలబడ్డారు. మార్తమ్మే అడిగింది. నలుగురి ముందు కాదనలేక ఆయన నవ్వి, తన సినిమా కంపెనీ పేరు అచ్చేసిన కాగితం తెప్పించి, మూలగది వాళ్లదేననీ ఇశ్రాయేలు ఇష్టమొచ్చిన చోట పనిచేసుకోవచ్చనీ రాసి సంతకం పెట్టారు.

మర్నాడు మార్తమ్మ ఆ కాగితాన్ని బైబిల్లోంచి తీసి చూపించింది. "మీ మాట పుణ్యమేనమ్మా."

ఆ రాజు కాగితాలు ఏమయ్యాయో కరుణాకుమారి అప్పుడైనా చెప్పాలనుకుంది. మార్తమ్మ మొహం చూసి నోరు రాలేదు. ఈ మాట రావుగారి చెవిన పడితే ట్యూషన్ పోతుందన్న భయమూ ఉంది. "రిజిస్ట్రేషన్ చేయించమనండి" అని మాత్రం అంది.

మార్తమ్మ ఆ మాట పట్టుకుని రావుగారిని అడిగింది. మూడోరోజు ఆయన వెండి గ్లాసులు పోయాయన్నారు. పోలీసులు వచ్చి ఇశ్రాయేలును తీసుకెళ్లారు. మార్తమ్మ స్టేషన్ గుమ్మంలో కూర్చుని ఏడుస్తుంటే, ఒక కానిస్టేబుల్ దగ్గరికొచ్చాడు.

"ఏందమ్మా, పెద్దోళ్లతోని పెట్టుకుంటె గిట్లనే అయితది. గా కాయితం ఇచ్చెయ్. నీ మొగుణ్ణి ఇడిసిపెడ్తరు."

ఇచ్చేసింది. ఇశ్రాయేలు తిరిగొచ్చాడు గానీ కుడిచెయ్యి మణికట్టు దగ్గర విరిగి ఉంది. ఆ చేత్తో అతను మళ్లీ పార పట్టలేదు.

వాళ్లు మూటలు సర్దుకుని వెళ్లిన రోజున లోపల పాఠం జరుగుతోంది. బయట కూలీలు గది రేకులు పీకుతున్నారు.

"మిస్, తర్వాత కింగ్ ఇచ్చిన ఆ లెటర్స్ ఏమయ్యాయి?" లీలాకుమారి అడిగింది.

"రైతుల నాయకుణ్ణి మాటలకి పిలిచి అక్కడే నరికారు. రాజు కాగితాలు రద్దు చేశాడు. మీరు దాసులు, దాసులుగానే ఉంటారు అన్నాడట."

లీలాకుమారి ఆ వాక్యం కింద ఎర్రగీత గీసుకుంది.

ఆ అమ్మాయి పరీక్షలో నెగ్గింది. రావుగారు పంతులమ్మకు పట్టుచీర పెట్టారు. కరుణాకుమారి కాదనకుండా పుచ్చుకుంది.

నాలుగేళ్ల తర్వాత, రహమత్ నగర్‌లో ఒక ప్రార్థన కూటంలో కరుణాకుమారికి మార్తమ్మ కనిపించింది. జుట్టు నెరిసింది. రాళ్లు మోసే పనికి పోతోందట. చెయ్యి విరిగాక తాగుడు మరిగి, ఇశ్రాయేలు కిందటేడే పోయాడట.

కరుణాకుమారి ఆమెను గోడవారకు తీసుకెళ్లింది. "మార్తమ్మా, ఆ రాజు మాట తప్పాడు. కాగితాలు లాక్కున్నాడు. నువ్వు అడగకముందే నాకు తెలుసు."

"తెలిసీ చెప్పలేదా అమ్మగారూ?"

అంతే. కొంగు భుజం చుట్టూ కప్పుకుని, మార్తమ్మ ప్రార్థన అవకుండానే వెళ్లిపోయింది. కరుణాకుమారి ఆ తర్వాత చాలా ఆదివారాలు అక్కడికి వెళ్లింది. మార్తమ్మ మళ్లీ రాలేదు.