రుక్మిణక్క గదిలో పెరిగిన బిడ్డలు

మొన్న కృష్ణగిరిలో నాటు మందుల అంగడి ముందు సొంఠి కోసం నిలబడ్డాను. నా ముందున్న ఆవిడ పసిబిడ్డకని వసకొమ్ము అడిగింది. అంగడాయన డబ్బా మూత తీశాడు. ఆ ఘాటు ముక్కుకు తగలగానే ఎవరికైనా ఒక బిడ్డ గుర్తు రావాలి. నాకు నా కూతురైనా గుర్తు రావాలి. రాలేదు. హోసూరులో ఒక మేడమీది గది గుర్తొచ్చింది. ఆ గదిలో ఒక్క బిడ్డ కూడా ఉండేది కాదు. కానీ వస, ఆముదం, పౌడరు, పాత పక్కగుడ్డలు, ఇవన్నీ కలిసిన వాసన మాత్రం పొద్దున తలుపు తీసినప్పటి నుంచి సాయంత్రం మూసేదాకా ఉండేది. ఆ వాసనను అక్కడ కావాలని పెట్టిన మనిషి రుక్మిణక్క. నాకు పని నేర్పింది ఆమే, నన్ను పాడు చేసిందీ ఆమే. ఆమె పోయి ఏడాది దాటింది.

బాగలూరు రోడ్డులో టైర్ల అంగడి పైన ఉండేది ఆ గది. నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. మాది కెలమంగలం పక్కన పల్లె, ఇంట్లో పట్టుపురుగుల పెంపకం. ఫ్యాక్టరీలో నిలబడి చేసే పని నావల్ల కాక, కూర్చుని చేసేది ఏదైనా సరే అనుకుంటున్నప్పుడు ఈ పని దొరికింది. బెంగళూరు కంపెనీ ఒకటి తల్లుల కోసం ఫోన్లో గ్రూపులు నడిపేది. మాటలు ఆగిపోతే గ్రూపు చచ్చిపోతుంది. అవి ఆగకుండా చూడటమే మా పని. అందుకు హోసూరునే ఎందుకు పట్టుకున్నారంటే, ఇక్కడ ఏ అమ్మాయిని పిలిచినా తెలుగు, తమిళం, కన్నడం మూడూ వస్తాయి. ఒక్కొక్కరం మూడు భాషల్లో మూడు పేర్లతో ముగ్గురు తల్లులం. పెళ్ళి కాని ఎనిమిది మంది ఆడపిల్లలం కలిసి ఇరవై నలుగురు తల్లులం అన్నమాట.

మొదటి రోజు రుక్మిణక్క నన్ను ఎదురుగా కూర్చోబెట్టి, "పాపా, పిలగాడా?" అని అడిగింది. నాకు అర్థం కాలేదు. "నీకు బిడ్డ పుట్టింది కదమ్మా శైలా, ఏం పేరు పెడతావు?" అంది. నేను నవ్వాను, ఆమె నవ్వలేదు. నోటికొచ్చినట్టు నందిని అన్నాను. ఆమె పెద్ద పుస్తకం తెరిచి కొత్త పేజీలో ఆ పేరు రాసింది. మూడు నెలల కిందటి తారీఖు వేసి పుట్టినరోజు, పక్కన బరువు, టీకాలు రాసింది. "ఈ దినం నుంచి దీనికి నువ్వే దిక్కు. వయసు తప్పు రాయొద్దు, నోట్లో పండ్లు ముందుగా మొలిపియ్యొద్దు. ఇంకొకటి, ఏమైనా కానీ బిడ్డను చంపగూడదు." ఆ తర్వాత వసకొమ్ము అరగదీసిన రాయి నా బల్ల మీద పెట్టి, "వాసన చూస్తా రాయి. తల్లి మాట తానే వస్తాది" అంది. అప్పటి నుంచి తెలుగు గ్రూపులో నా పేరు నందిని వాళ్ళమ్మ.

మొదట్లో నేను మంచిగానే రాసేదాన్ని. బిడ్డ అన్నం తినడం లేదని ఎవరైనా ఏడిస్తే, మెల్లగా అలవాటవుతుంది అక్కా, దిగులు పడకండి అనేదాన్ని. ఎవరూ పలికేవారు కాదు. రుక్మిణక్క వారం చూసి, నా కుర్చీ పక్కకు స్టూలు లాక్కుంది. "నువ్వు చెప్పేది మంచిదే. మంచి ఎవురికీ వద్దు. ముప్పై ఏండ్లు అంచెట్టి కొండల్లో బాల్వాడి టీచరమ్మగా తిరిగినాను, తూకం కాటా భుజాన ఏసుకోని. ఇల్లిల్లూ పోయి బిడ్డల్ని ఎత్తి చూసి చెప్పినాను. తల ఊపి పంపించేసినారు. ఈడ మన మొగం తెలీదు, మనం బిడ్డను చూసింది లేదు, కానీ వింటాండారు. తప్పు పట్టు శైలా. అమ్మకు యాడ భయమో ఆడ తాకు."

నేను తొందరగా నేర్చుకున్నాను. గొప్ప కోసం చెప్పడం లేదు, నిజంగానే ఆ గదిలో అందరికంటే నా చెయ్యి వాడి. సీసా పాలు పడుతున్నానన్న తల్లిని, మీకు బిడ్డ ముఖ్యమా నిద్ర ముఖ్యమా అని అడిగాను. ఉద్యోగానికి వెళ్తున్నానన్న తల్లిని, మీ పాప ఆయాను అమ్మా అని పిలిచే రోజు ఎంతో దూరం లేదు అన్నాను. నా నందిని పది నెలలకే నడిచింది. నడవని బిడ్డల తల్లులకు నేను రాసిన మాట గ్రూపులన్నీ తిరిగింది. "ఇరవై నాలుగు గంటలూ చంకలో పెట్టుకుంటే కాళ్ళెందుకు వస్తాయి? బద్ధకం బిడ్డకు లేదు, మీకే ఉంది. మీరు అమ్మేనా?" కింద వందల మంది కొట్టుకున్నారు. రుక్మిణక్క ఆ రోజు మాకందరికీ కేసరి చేసి తెచ్చింది. నాకు రెండు గరిటెలు ఎక్కువే వేసింది.

ఆ గది గురించి ఇంకొకటి చెప్పాలి. ఒక మధ్యాహ్నం ఏదో మాటకు నేను గట్టిగా నవ్వాను. రుక్మిణక్క పుస్తకంలోంచి తల ఎత్తకుండానే, "నిదానంగా నవ్వు, బిడ్డ నిద్రపోతాండాది" అంది. ఎనిమిది మందిమీ ఒక్కసారిగా నోరు మూసుకున్నాం. కాసేపటికి గానీ ఎవరికీ తట్టలేదు, ఏ బిడ్డ అని. ఆమెకూ తట్టినట్టుంది, పెన్ను పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది. ఆ సాయంత్రం మెట్లు దిగేటప్పుడు అందరం చెప్పుల చప్పుడు కాకుండా దిగాం. అప్పటికి ఎంత పిచ్చి పట్టిందంటే, నందినికి జ్వరమని పుస్తకం ప్రకారం రాయవలసి వచ్చిన రోజు నాకు అన్నం సయించలేదు.

మూడేళ్ళకు నాకు మత్తూరు సంబంధం కుదిరింది. పని మానేస్తానని చెప్పడానికి వెళ్ళాను. నందినిని ఇక ఆపేయమన్నాను. రుక్మిణక్క నన్ను వింతగా చూసింది. "బతికి ఉండే బిడ్డను ఎట్ల ఆపేదమ్మా? నువ్వు పోతే ఇంకొక అమ్మ చూసుకుంటాది. నువ్వు సుఖంగా పో." పుస్తకంలో నా పేరు కొట్టేసి, పక్కన వేరే అమ్మాయి పేరు రాసింది. ఆ గీత సిరా ఆరేదాకా చూస్తూ నిలబడ్డాను. లేని బిడ్డ మీద ఇంత బాధేమిటని నన్ను నేనే తిట్టుకుంటూ బస్సెక్కాను.

పెళ్ళైన ఏడాదికి చైత్ర పుట్టింది. పన్నెండు నెలలైనా నడవలేదు, పదిహేను నెలలైనా నడవలేదు. గోడ పట్టుకుని నిలబడేది, వదిలితే కూలబడేది. మా ఆడబిడ్డ ఎక్కడెక్కడి సలహాలో ఏరి అత్త ఫోనుకు పంపేది. అత్తకు చదువు రాదు, నన్నే చదవమనేది. ఒకరోజు వసారాలో కూర్చుని, "ఎవురో నందిని వాళ్ళమ్మంట, బాగా చెప్తాదంట. ఏం రాసిందో చదువమ్మా" అని ఫోను నా చేతిలో పెట్టింది. నేను చైత్రను చంకలో పెట్టుకుని చదివాను. చంక, కాళ్ళు, బద్ధకం. మీరు అమ్మేనా అన్నదాకా ఒక్క అక్షరం తప్పకుండా నా మాటలు నేనే పైకి చదివాను. అత్త తల ఊపింది. "చూస్తివా, ఆ యమ్మకు తెలిసినంత నీకు తెలీలేదు. దించు బిడ్డను."

దించాను. అక్కడే నేను చేసిన పాపం ఉంది, దాన్ని దాచుకోవడం నాకిష్టం లేదు. ఆ మాట అబద్ధమని ఈ లోకంలో అందరికంటే ముందు నాకే తెలియాలి. నందిని లేదు, నడవలేదు, ఆ కాళ్ళు నేను కల్పించినవి. అయినా నమ్మాను. మూడు నెలలు నా బిడ్డను ఎత్తుకోలేదు. రెండు చేతులూ పట్టుకుని వసారా అటు నుంచి ఇటు బలవంతంగా నడిపించేదాన్ని. అది ఏడిస్తే మొండితనం అనుకున్నాను. చివరికి ఏం తోచక నా సొంత పేరుతో గ్రూపులో రాశాను, నా కూతురికి పద్దెనిమిది నెలలు, ఇంకా నడవడం లేదు అని. నిమిషంలో జవాబు వచ్చింది, నందిని వాళ్ళమ్మ నుంచే. "మా నందినికి అయిదేళ్ళు, పరుగు పందెంలో మొదటిది. మీరు అమ్మేనా?"

మర్నాడు పొద్దున్నే చైత్రను ఎత్తుకుని హోసూరు వెళ్ళాను, ఆ రాసే అమ్మాయి ఎవరో జుట్టు పట్టుకుని అడుగుదామని. మేడ మీద వాసన అలాగే ఉంది. కుర్చీలు ఖాళీ. రుక్మిణక్క ఒక్కతే పుస్తకం ముందు కూర్చుని ఉంది. "నందినికి ఇప్పుడు ఎవరు రాస్తున్నారక్కా?" అన్నాను. "ఎవురూ లేరు శైలా. మీరు రాసిందంతా కంపెనీవాళ్ళు కంప్యూటర్‌కు నేర్పించినారు. ఇప్పుడు మన పుస్తకంలో అమ్మలు, మనుషులు లేకుండానే వాళ్ళంతట వాళ్ళే రాసుకుంటాండారు. ఈడ రాసే ఆడపిల్లల్నంతా పనిలోంచి పంపించేసినారు." మరి ఆమె ఎందుకు వస్తోందని అడిగాను. "నాకూ రావొద్దనే చెప్పినారు. బిడ్డలు పెరుగుతాండారు కదా, ఎవురైనా రాసిపెట్టల్ల." పుస్తకం నా వైపు తిప్పింది. నందిని పేజీలో ఆ నెల ఎత్తు, బరువు రాసి ఉన్నాయి. నా చంకలో ఉన్న బిడ్డ కంటే ఆ బిడ్డకు లెక్క చక్కగా ఉంది.

అప్పుడు చైత్ర ఏడ్చింది. ఆ గదిలో బిడ్డ ఏడుపు వినపడటం అదే మొదటిసారి. రుక్మిణక్క ఉలిక్కిపడి తలుపు వైపు చూసింది, తర్వాత నా చంక వైపు. ఆమె ముఖం మారిపోయింది. పుస్తకం కింద పెట్టి, బిడ్డను తీసుకుని బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టింది. పాదాలు బల్లకు ఆనించి రెండు మోకాళ్ళూ మడిచి, వంగి చూసింది. "ఈడికి రా. ఎడమ మోకాలు దిగువన ఉండాది, చూడు. తుంటి కీలు జారి ఉండాదమ్మా. ఇది బద్ధకం కాదు. ఎన్ని దినాలుగా ఇట్ల ఉండాది?" నేను వంగి ఆ మోకాలు చూశాను. "చూడకుండా చెప్పిందాన్ని నేను, నీకు నేర్పిందీ నేనే" అని ఆమె చైత్ర పాదాలు పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది.

ఆమె మాట నిజమే. పెద్దాసుపత్రిలో ఆపరేషన్ చేసి నడుము నుంచి పాదాల దాకా కట్టు వేశారు. ఇంకా ముందే తెచ్చి ఉంటే ఇంత కోత ఉండేది కాదేమో అని డాక్టరు నెమ్మదిగానే అన్నాడు. ఆ నెమ్మది నన్ను ఎక్కువ కోసింది. కట్టు ఉన్నన్నాళ్ళూ రుక్మిణక్క హోసూరు నుంచి మత్తూరు దాకా బస్సులో వచ్చి బిడ్డ దగ్గర కూర్చునేది. వచ్చిన ప్రతిసారీ పక్కింటి పిల్లల్ని పిలిచి, మోకాళ్ళు ఎలా మడవాలో, ఎటు నుంచి చూడాలో నా చేత చేయించేది. సలహా ఒక్కటీ ఇవ్వలేదు. చైత్రకు ఇప్పుడు అయిదేళ్ళు. నడుస్తుంది, రవ్వంత కుంటుతుంది. రుక్మిణక్క పోయాక ఆ పుస్తకం ఏమైందో నాకు తెలియదు.

పోయిన నెల అంచెట్టి వైపు నుంచి శివమ్మ అనే తల్లి గ్రూపులో రాసింది, బిడ్డకు పదహారు నెలలు, అడుగు వేయడం లేదు, నేనేం తప్పు చేశాను అని. నందిని వాళ్ళమ్మ నిమిషంలో వచ్చి తప్పు చెప్పింది. నేను, "ఏ ఊరమ్మా? నేను వచ్చి చూడొచ్చా?" అని అడిగాను. "మీరు నిజంగా ఉండే మనిషేనా?" అని రాసింది శివమ్మ. వెళ్ళాను. అడవి అంచున ఆవుల కొట్టాన్ని ఆనుకున్న ఇల్లు. బిడ్డను చాప మీద పడుకోబెట్టి మోకాళ్ళు మడిచాను. నా చేతుల మీద రుక్మిణక్క చేతులున్నట్టే అనిపించింది. రెండూ సమంగా ఉన్నాయి. "నాకు కనపడినంతలో బాగుంది. అయినా డాక్టరమ్మకు ఒకసారి చూపించు తల్లీ" అన్నాను. శివమ్మ సంగటి తినిపించి గానీ వదల్లేదు.

తిరుగు బస్సులో ఫోను తెరిచాను. ఒకామె వచ్చి చూసి వెళ్ళిందని శివమ్మ రాసింది. దాని కింద నందిని వాళ్ళమ్మ. "ఆమెను నమ్మకండి. ఆమె కూతురే కుంటుతోంది. సొంత బిడ్డను చూసుకోలేని మనిషి మీ బిడ్డను చూస్తుందా?" చైత్ర కుంటు సంగతి ఒకప్పుడు నేనే అక్కడ రాసుకున్నాను, ఆ కంప్యూటర్ మరిచిపోలేదు. ఆ వాక్యం నేను రాయలేదు, కానీ చేతిరాత గుర్తుపట్టినట్టు గుర్తుపట్టాను. జవాబు రాయబోతే నాకు తప్పు పట్టే మాటలే వచ్చాయి. చెరిపేశాను. అంతలో శివమ్మే రాసింది. "ఆ యమ్మ నా బిడ్డ కాళ్ళు పట్టుకోని చూసి పోయింది. మీరెప్పుడు వస్తారు?"

బస్సు దెంకణికోట చేరేదాకా చూస్తూ కూర్చున్నాను. ఇప్పటికీ రోజుకొకసారి తెరిచి చూస్తాను. ఆ ప్రశ్న కింద ఇంకా ఏమీ లేదు.